ఎర్రరాళ్ళ ముందు ఒక్క చోటు

మా ఆయన రవీంద్రనాథ్‌కి ఎక్సెల్ షీటు మీదున్న ప్రేమలో పదో వంతు నా మీదుంటే నేను మహారాణిలా బతికేదాన్ని. అమెరికాలో యూటా అని ఒక రాష్ట్రం. అక్కడంతా ఎడారి, ఎడారిలో ఎర్రరాళ్ళ నేషనల్ పార్కులు. అవి చూడటానికి ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకోవాలట. అంటే మంచం, పొయ్యి, బాత్రూమూ అన్నీ చక్రాల మీద పెట్టుకుని తిరిగే బండి. ఆ బండిని పది రోజులు ఏ క్యాంప్‌గ్రౌండ్‌లో నిలబెట్టి ఎక్కడెక్కడికి తిరగాలో తేల్చడానికి ఆయన మూడేళ్ళుగా ఒక షీటు తయారు చేస్తున్నారు.

నలభై ఏడు క్యాంప్‌గ్రౌండ్లు. ఒక్కోదానికి పద్దెనిమిది గళ్ళు. కరెంటుందా, కుళాయుందా, మురుగునీళ్ళు పోయే గొట్టముందా, పార్కు గేటుకి ఎన్ని మైళ్ళు, పొద్దున నీడ ఎటు పడుతుంది, పక్క బండివాడి గురక వినపడేంత దగ్గరా కాదా. ఇక్కడ జర్మనీలో, కార్ల్స్‌రూహెలో మా ఫ్లాటు వెతుక్కున్నప్పుడు కూడా ఇంత చూడలేదు. అప్పుడు అన్‌మెల్డుంగ్‌కి, అంటే ఊరి ఆఫీసులో పేరు నమోదుకి, ఒక అడ్రసు దొరికితే చాలు దేవుడా అనుకుని, మొదట చూపించినదానికే సంతకం పెట్టేశాం.

నేనేదో వేళాకోళంగా చెబుతున్నట్టుంది గానీ ఇందులో వేళాకోళం ఏమీ లేదు. ఆయనకి చూపు పోతోంది.

రెటీనా జబ్బు, వాళ్ళ వంశంలో ఉన్నదే. ముందు చీకట్లో కనపడటం మానేసింది. తర్వాత పక్కలు మూసుకుపోయాయి. భోజనాల బల్ల దగ్గర ఎదురుగా ఉన్న నా మొహం కనిపిస్తుంది, మోచేతి పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు కనపడదు. ఎన్ని గ్లాసులు పగిలాయో నేను లెక్కపెట్టడం మానేశాను. మూడేళ్ళ కిందట ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి కారు తాళాలు నా చేతిలో పెట్టి, "ఇకనించీ నువ్వే, ప్రవీణా" అన్నారు. ఆ రోజే ఈ షీటు మొదలైంది.

ఎడారే ఎందుకంటే, దానికో కథ. తెనాలిలో మా మామగారికి టైర్ల కొట్టుండేది. ఏదో టైర్ల కంపెనీవాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఆ కొట్టు గోడకి ఏళ్ళ తరబడి వేలాడింది. నెలల కాగితాలు ఎప్పుడో చినిగిపోయాయి, బొమ్మ మాత్రం ఉండిపోయింది. పెద్ద ఎర్రరాతి కమాను, దాని కింద చీమంత మనిషి. "ఆ చీమ ఎక్కడ నిలబడ్డాడో నేనూ అక్కడ నిలబడి పైకి చూడాలే" అనేవారు ఈయన. పెళ్ళైన కొత్తలో నాకది ముద్దుగా అనిపించింది.

ఆ నలభై ఏడూ అటు తిప్పి ఇటు తిప్పి చూస్తే చివరికి రెండే రకాలు. పార్కు లోపలివి, బయటివి. లోపలివాటిలో కరెంటు ఉండదు, బండి దగ్గర కుళాయి ఉండదు, అందరికీ కలిపి నాలుగు మరుగుదొడ్లు. కానీ తలుపు తీస్తే ఎదురుగా రాయే. బయటివి మోఆబ్ అనే ఊళ్ళో ఉన్నాయి. కరెంటు, నీళ్ళు, మురుగు గొట్టం, బట్టలుతికే మెషీను, ఈత కొలను, అన్నీ ఉంటాయి. అక్కణ్ణించి రోజూ పొద్దున్నే బయల్దేరి గేటు దగ్గర క్యూలో నిలబడాలి.

"నాకు తెల్లారీ తెల్లారకముందు కనపడదు, పొద్దుగూకితే కనపడదు. మధ్యలో నాలుగు గంటల మంచి వెలుతురే నాది. అదీ క్యూలోనే పోతే ఇంకెందుకు పోవడం? లోపలే ఉందాం" అనేవారు ఆయన.

"ఆహా! పదమూడేళ్ళ ఆడపిల్లనీ నన్నూ తీసుకెళ్ళి, తలస్నానానికి చెంబుడు నీళ్ళు లేని చోట కూర్చోబెడతారా? రైస్ కుక్కర్ దేంతో పెట్టను, మీ షీటుతోనా? నేను రాను గాక రాను" అనేదాన్ని నేను.

మొదటి ఏడాది ఈ గొడవతోనే పోయింది. రెండో ఏడాది వసంతంలో నా ప్రాజెక్టు రిలీజు, సెలవు దొరకలేదు. మూడో ఏడాది ఇంకా పెద్ద నీళ్ళ ట్యాంకున్న బండి ఉందేమో చూడమన్నాను, ఆయన షీటులో బండ్లకి ఇంకో పేజీ తెరిచారు. పంతం నాది. ఇప్పుడు ఎవరిమీదికి నెట్టినా పంతం నాదే. రాళ్ళెక్కడికి పోతాయిలే అనుకున్నాను.

మొన్న సెప్టెంబరులో కంటి ఆసుపత్రిలో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, ఉంటే ఇద్దరం వెళ్ళాం. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. మధ్యలో మిగిలిన చూపు కూడా చెడటం మొదలైందట. "వసంతం దాకా ఉంటుందని చెప్పలేను, ఉండదనీ చెప్పలేను. చూడాలనుకున్నవి ఆలస్యం చెయ్యకుండా చూసేయండి" అంది. ట్రామ్‌లో ఇంటికొస్తూ నేనే అన్నాను, లోపలే బుక్ చేద్దామండీ, నీళ్ళు లేకపోతే తడిబట్టతో తుడుచుకుంటాను, అన్నానికి గ్యాసు పొయ్యి ఉంటుంది కదా అని. ఆయన నా వైపు తిరిగి నవ్వారు. నా మొహానికి కాస్త పక్కకి చూసి నవ్వారు.

వెంటనే ఎందుకు బయల్దేరలేదంటారా? ఆఫీసులో ఆయన సెలవు ముందే ఖాయం చేసింది ఏప్రిల్‌కి, లోపలి చోట్లు అక్టోబరు దాకా నిండిపోయి ఉన్నాయి, ఆ తర్వాత చలి. ఏప్రిల్‌లో చోటు కావాలంటే సరిగ్గా ఆరు నెలల ముందు, అక్కడి పొద్దున ఎనిమిదింటికి, అంటే మనకి సాయంత్రం నాలుగింటికి బుకింగ్ తెరుస్తారు. యాభై చోట్లు, ప్రపంచమంతా కాచుక్కూర్చుంటుంది. మూడు నిమిషాల్లో అయిపోతాయని ఆయన షీటులో ఎర్రక్షరాలతో రాసిపెట్టుకున్నారు. చోటు కూడా తేల్చేశారు, ఇరవై రెండో నంబరు. బండి తలుపు తీస్తే రాయి నేరుగా ఎదురుగా ఉంటుందట.

మౌసు నేనే పట్టుకోవాలి. పాయింటరు ఎక్కడుందో ఆయనకి దొరకడం లేదు. "బాణం గుర్తు మరీ చిన్నదిగా పెట్టారు వెధవలు" అన్నారు, నేను నమ్మాను.

ఇక నా ఘనకార్యం. అక్టోబరు పద్నాలుగున మధ్యాహ్నం నేను ఫోనులో పంచాంగం యాప్ తెరిచాను. ముందునుంచీ ఇవన్నీ నమ్మేదాన్ని కాదు. డాక్టర్లు చేతులెత్తేసిన దగ్గర్నుంచీ ఏది కనపడితే అది నమ్ముతున్నాను. వర్జ్యం సాయంత్రం 4.06 వరకు అని ఉంది. నాలుగింటికి నొక్కితే వర్జ్యంలో నొక్కినట్టు. ఆయన కళ్ళ కోసం చేస్తున్న పని వర్జ్యంలో మొదలుపెట్టడమా? ఆరు నిమిషాలే కదా, యాభై చోట్లలో ఒక్కటి మిగలదా అనుకున్నాను.

నాలుగైంది. ఆయన నా పక్కన కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నారు.

"తెరిచాడా?"

"లోడవుతోందండీ."

"రిఫ్రెష్ కొట్టు."

"కొడుతున్నా కదా, కాస్త ఊరుకోండి!"

ఇరవై రెండో నంబరు నా కళ్ళ ముందు పచ్చగా ఉంది. మౌసు మీద వేలుంది. ఒక నిమిషం గడిచాక అది బూడిదరంగులోకి పోయింది. తర్వాత దాని పక్కవి. నాలుగూ ఆరుకి పేజీ మొత్తం బూడిదరంగే.

"నువ్వు నొక్కావా? క్లిక్ వినపళ్ళేదే" అన్నారాయన.

"నొక్కానండీ. అప్పటికే అయిపోయాయి."

"సర్లే" అని లేచి, తడుముకుంటూ వంటింట్లోకెళ్ళి టీ పెట్టారు.

మర్నాడు ఆఫీసుకి వెళ్తూ ట్రామ్‌లో అలవాటుగా ఆ యాప్ తెరిచాను. పైన చిన్న అక్షరాలతో ఊరి పేరుంది. హైదరాబాద్. ఫోను మార్చినప్పుడు నేను సెట్టింగు మార్చలేదు. అది హైదరాబాద్ నాలుగూ ఆరు. కార్ల్స్‌రూహెలో ఆ వర్జ్యం మధ్యాహ్నం పన్నెండున్నర దాటగానే పోయింది. నేను వేళ్ళు బిగబట్టుకుని కూర్చున్న ఆరు నిమిషాల్లో వర్జ్యమూ లేదు, గాడిద గుడ్డూ లేదు. నా ఉద్యోగమేమిటో తెలుసా? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. టైమ్‌జోన్ తప్పులు పట్టడంలో మా టీములో నన్ను మించినవాళ్ళు లేరని పేరు. ఆ ట్రామ్‌లో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. ఒక ముసలాయన టిష్యూ పేపరు ఇచ్చాడు.

ఆయనకి చెప్పలేదు. ఆయన మాత్రం మర్నాడే షీటు తెరిపించుకుని, మోఆబ్‌లో రెండో ఎంపిక చదివించుకుని బుక్ చేయించారు. కరెంటు, నీళ్ళు, ఈత కొలను. "నీ కుక్కర్ గెలిచిందోయ్" అని నన్ను ఆటపట్టించారు. ఆ మాటకి నవ్వలేక చచ్చాను.

నాకు అంత పెద్ద బండి నడపడం రాదు కదా, అక్కడికెళ్ళి గోడకి కొట్టకుండా ముందిక్కడ ఒకసారి రిహార్సల్ చేద్దామన్నారు. రైన్ నది దాటి గంటంబావు వెళ్తే ఫాల్ట్స్ అడవుల్లో ఎర్రరాతి కొండలున్నాయి. అమెరికావంత కాకపోయినా ఎరుపే. పిల్లకి హెర్బ్‌స్ట్‌ఫేరియన్, అంటే ఆకురాలు కాలపు సెలవులు, రాగానే ఒక వోన్‌మొబిల్, ఇక్కడి ఆర్‌వీ అన్నమాట, అద్దెకి తీసుకుని బయల్దేరాం. మా అమ్మాయి సహస్ర వెనక సీట్లో చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నేను మలుపు తిరిగిన ప్రతిసారీ "ఓ గాట్, అమ్మా!" అంటూనే ఉంది. ఆయన పక్క సీట్లో కూర్చుని మ్యాపంతా నోటితో చెప్పారు. ఫోనులో విని విని కంఠతా పట్టేశారు.

అక్కడి క్యాంపింగ్‌ప్లాట్జ్, అదే క్యాంప్‌గ్రౌండ్, నడిపే ఆవిడకి ఆయనే ముందుగా ఫోన్ చేసి, రాయి కనపడే చోటే కావాలని పట్టుబట్టి తీసుకున్నారు. బండి వెనక్కి పెడితే తలుపు రాయివైపు వస్తుందని ఆవిడ చెప్పిందట. కరెంటు వద్దన్నారు, పార్కు లోపల ఉన్నట్టే ఉందామని. నాకా, వెనక్కి పెట్టడం రాలేదు. మూడుసార్లు ప్రయత్నించి, పొద చెట్లని తొక్కి, చివరికి విసుగొచ్చి ముందుకే దూర్చి ఇంజను ఆపేశాను. అప్పటికే వెలుతురు తగ్గింది, ఆయన అలిసిపోయి ఉన్నారు. అటుది ఇటైతే ఏం మునిగిపోయింది అనుకున్నాను. ఆ సంగతి చెప్పనే లేదు.

సాయంత్రం లోపల కూర్చుని, ఇంటినుంచి తెచ్చిన పులిహోర తింటున్నప్పుడు ఇక ఆగలేకపోయాను. వర్జ్యం సంగతి, హైదరాబాద్ సంగతి, ఆరు నిమిషాలు అబద్ధమాడిన సంగతి మొత్తం కక్కేశాను. తిడతారనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

ఆయన పులిహోర చెయ్యి అలాగే పట్టుకుని పకపకా నవ్వారు. "టైమ్‌జోన్ బగ్గా! నీకా! మీ టీమువాళ్ళకి చెప్పనా?"

"నవ్వకండి. నా ప్రాణం పోతోంది ఇక్కడ."

"ఆరు నిమిషాలేగా, ప్రవీణా" అన్నారు, ఇంకా నవ్వుతూనే. "మనం మూడేళ్ళు ఆగాం."

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడవడం ఆయనకి చేతకాదు. నా తప్పుని చిన్నది చెయ్యడానికే ఆ మాటన్నారు. నేను మాత్రం చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. ఆ మూడేళ్ళలో ఏ ఏప్రిల్‌లోనైనా, ఏ క్యాంప్‌గ్రౌండ్‌లోనైనా, నీళ్ళున్నా లేకపోయినా, ఆయన ఆ రాయి కింద నిలబడి పైకి చూసుండేవారు. నలభై ఏడింటిలో ఏదో ఒకటి దొరికేది. నేను కుళాయి కోసం దెబ్బలాడుతూ కూర్చున్నాను.

పొద్దున నేను లేచేసరికి ఆయన మంచం మీద లేరు. తలుపు తీసి ఉంది. బయట మడత కుర్చీ వేసుకుని, మీద దుప్పటి కప్పుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు. మంచు విడిపోయి ఎండ బాగా కాస్తోంది. తొమ్మిదిన్నర దాటింది. ఆయన చెప్పే మంచి వెలుతురు అదే.

నేను కాఫీ తీసుకుని దిగాను. నా వెనకే సహస్ర దిగింది.

"ప్రవీణా, వచ్చావా?" అన్నారు. ఆ గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్ళయిందో. "చూడు, చూడు! ఎంత ఎర్రగా ఉందో చూడు! నిలువునా లేచింది కదా? డాక్టరమ్మ ఊరికే భయపెట్టింది. నాకు కనపడుతోందే!"

నేను ఆయన చూస్తున్న వైపు చూశాను. పదడుగుల దూరంలో పక్క బండివాళ్ళు వేసుకున్న గుడారపు గుడ్డ ఉంది. ఇటుకరంగు. అంచున తెల్లని కుచ్చులు. దానికి ఒక పిల్లాడి తడి మేజోళ్ళు క్లిప్పులు పెట్టి ఆరేసి ఉన్నాయి.

రాయి మా వెనక ఉంది. బండికి అటువైపు, చెట్ల పైన, ఎండలో నిప్పులా మెరుస్తోంది. నిన్న బండి తిప్పి పెట్టింది నేను. ఆయన తన కళ్ళని కాదు, కంఠతా పట్టిన మ్యాపుని నమ్ముకుని తలుపు ముందు కూర్చున్నారు. అయినా కళ్ళు కళ్ళయితే, పదడుగుల దూరంలో మేజోళ్ళు కనపడవా? ఎప్పటినుంచి ఇలా ఉంది? బాణం గుర్తు చిన్నదన్నప్పటికే ఏమీ మిగల్లేదా? ఏప్రిల్ దాకా ఏమిటి, అక్టోబరు దాకా కూడా లేదా?

"నాన్నా, అబర్ దాస్ ఇస్ట్..." అని సహస్ర మొదలుపెట్టింది. కానీ నాన్నా, అది... అని. నేను దాని మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. అది నా మొహం చూసింది. దానికి అర్థమైంది.

"ఏంటమ్మా?" అన్నారాయన.

"నిఖ్ట్స్, నాన్నా. ఏం లేదు" అంది.

"అవునండీ" అన్నాను నేను. "చాలా ఎర్రగా ఉంది."

ఆ మాట ఎందుకన్నానో నన్నడక్కండి. మీరైతే ఏమనేవారు?

"ఇంత దగ్గరనుకోలేదు. చెట్ల అవతల ఎక్కడో ఉంటుందనుకున్నా" అంటూ దుప్పటి పక్కన పడేసి లేచారు. "ఉండు, ఒక్కసారి ముట్టుకొస్తా."

"వద్దండీ, గడ్డి తడిగా ఉంది, జారతారు. నేను తీసుకెళ్తా ఆగండి, కాఫీ తాగాక..." నా నోటికి ఏదొస్తే అది అంటున్నాను. ఆయన వినలేదు. చెయ్యి ముందుకి చాపి, అడుగులు కొలుచుకుంటూ నడిచారు. పరిగెత్తి పట్టుకోవాలి నేను. పట్టుకుని ఏం చెప్పను?

ఏడో అడుగుకి అరచెయ్యి తగిలింది. గుడ్డ లోపలికి వంగింది.

ఆయన అలాగే నిలబడ్డారు. ఇంకో చెయ్యి కూడా ఆనించారు. మెల్లిగా పక్కకి జరిపారు. వేళ్ళకి క్లిప్పు తగిలింది, తర్వాత తడి మేజోడు. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కాసేపు నలిపి చూశారు. వెనక్కి తిరగలేదు. నా పక్కన సహస్ర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

గుడారపు జిప్పు తెరుచుకుంది. ఒక పెద్దావిడ, పొద్దుటి గౌనులో, తల బయటపెట్టింది. తన గుడ్డని పట్టుకుని నిలబడ్డ మనిషిని కింద నుంచి పైదాకా చూసింది. కోపంగా ఏమీ లేదు. "కన్ ఇష్ ఈనెన్ హెల్ఫెన్?" అంది. ఏమన్నా సాయం కావాలా అని.

ఆయన మేజోడు వదిలేసి, జుట్టు సర్దుకుని, గొంతు వచ్చిన దిక్కుకి తల తిప్పారు. కొత్తగా ఈ దేశం వచ్చినవాళ్ళం బట్టల షాపుల్లో సేల్స్‌గర్ల్స్ దగ్గరికొస్తే తప్పించుకోవడానికి ఒక మాట నేర్చుకుంటాం. మాకొచ్చిన మొట్టమొదటి జర్మన్ వాక్యం అదే. ఏం వద్దండీ, ఊరికే చూస్తున్నానంతే అని. ఆయన చాలా మర్యాదగా, ఒక్క అక్షరం తడబడకుండా అదే అన్నారు.

"నైన్, డాంకె. ఇష్ షావె నూర్."